పాత ఇల్లు నిలవాలంటే ముందు మిద్దె ఎక్కండి

మా తాతల ఇల్లు హైదరాబాద్‌లోని లాల్‌దర్వాజ దగ్గర ఒక గల్లీలో ఉంది. వీధి వైపు రెండు అరుగులు, నడుమ ఆకాశం కనిపించే భవంతి (లోపలి వాకిలి), చుట్టూ టేకు స్తంభాల మీద ఓసార, వెనక చేదబావి. చిన్నప్పుడు బోనాల నాడు ఆ అరుగుల మీద కాలు పెట్టే జాగా ఉండేది కాదు. తర్వాత పిల్లలు కూకట్‌పల్లికి, మణికొండకు, అమెరికాకు పోయారు. ఇంటికి తాళం పడింది. దాన్ని మళ్లీ నిలబెట్టే పనిలో ఇంటివాళ్లం, బస్తీవాళ్లం కలిసి ఎనిమిదేళ్లుగా ఉన్నాం. ఇన్నేళ్లలో తెలుసుకున్నది మీకు పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

మీది దేవిడీ (నవాబుల కాలపు పెద్ద ఇల్లు) కావచ్చు, కాచిగూడలో బంగ్లా కావచ్చు, అల్వాల్‌లో పెంకుటిల్లు కావచ్చు. లేదా అది మీ ఇల్లే కాకపోవచ్చు, మీ బస్తీ మూలన ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఇల్లు కావచ్చు. పని వరస మాత్రం ఇదే.

రోహిణి కార్తెలో మిద్దె మీదికి

అందరూ మొదట లాయర్ దగ్గరికి పోతారు. మీరు మొదట నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కండి. కేసులు, కాగితాలు ఏళ్లు పడతాయి. వాన అన్నేళ్లు ఆగదు. పాత ఇల్లు ఒక్క రోజులో కూలదు. నాలుగు ఆకులు తూముకు అడ్డం పడతాయి, నీళ్లు మిద్దె మీద నిలుస్తాయి, గోడలోకి దిగుతాయి, గోడలోపల ఉన్న దూలం కొస కుళ్లుతుంది. కూలేది ఆ తర్వాత. మనకు కనపడేదీ అప్పుడే.

మే నెలాఖరులోగా ఒక ఆదివారం నలుగురు కలిసి మిద్దె ఊడ్చండి. తూములన్నీ తెరిచి, బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. పిట్టగోడలో రావి మొక్క మొలిచి ఉంటే దాన్ని పట్టి లాగొద్దు. వేరుతో పాటు రాళ్లూ ఊడొస్తాయి. మొదలు దగ్గర కోసి, మిగిలిన మోడు చచ్చేదాకా మందు పెట్టి, వేరు ఎండాక తీసి ఆ సందును సున్నంతో పూడ్చాలి. పగిలిన పెంకులు మార్చండి. మార్చే స్తోమత అప్పటికి లేకపోతే టార్పాలిన్ కప్పండి. టార్పాలిన్ కప్పడం నామోషీ ఏమీ కాదు. మా ఇంటి తూర్పు వసారాను రెండు వానాకాలాలు కాపాడింది అదే.

మొదటి పెద్ద వాన పడ్డ రోజు ఇంట్లో ఉండండి. చేతిలో సుద్దముక్క పెట్టుకుని అర్ర అర్ర తిరిగి, చెమ్మ వచ్చినచోట గీత గీసి తేదీ రాయండి. మరుసటి వానకు చెమ్మ ఆ గీత దాటిందా లేదా తెలుస్తుంది. పగుళ్లకూ అంతే. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. పెద్ద పగులైతే దానికి అడ్డంగా సన్నని గాజుముక్కను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. నెల తర్వాత గాజు పగిలి ఉంటే గోడ ఇంకా కదులుతున్నట్టు. పగలకుండా ఉంటే అది పాత పగులు, కంగారు అక్కర్లేదు. ఈ గాజుముక్క చూపించినప్పుడు ఇంజినీర్ కూడా మన మాట వింటాడు.

దూలాల కొసలు గోడలోకి దిగే చోట సన్నని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గట్టి టేకులో మొన దిగదు. మెత్తగా దిగిపోతే కింద సెంట్రింగ్ వాళ్ల దగ్గర అద్దెకు దొరికే జాకీలు నిలబెట్టి, ఆ అర్రకు తాళం వేయండి. బాగయ్యేదాకా అందులో ఎవరూ పడుకోకూడదు. ఇల్లు ఎంత పాతదైనా, ఎంత ప్రేమ ఉన్నా, ముందు మనిషి ప్రాణం, ఇల్లు ఆ తర్వాతే. పాత వైరింగ్ ఉంటే మెయిన్ ఆపేయండి. కొత్త వైరు గోడ తవ్వకుండా పైన గొట్టంలో వేయించండి.

సంతకాలు

ఇంటిని నిలబెడదామన్న ఒప్పందం మీద వారసులందరూ సంతకం పెట్టాలి. ఇక్కడే నిజంగా టెన్షన్ మొదలవుతుంది.

ఒక పెద్ద కాగితం మీద వంశవృక్షం రాయండి. తాత, ఆయన పిల్లలు, వాళ్ల పిల్లలు, పోయినవాళ్లు, ఉన్నవాళ్లు, ఎవరు ఎక్కడ. ఆడపిల్లల పేర్లు మొదటి రోజే రాయండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లయి వెళ్లినవాళ్లను వదిలేసి రాసుకున్న ఒప్పందం ఏదైనా రేపు కోర్టులో నిలవడం కష్టం. అసలు అది న్యాయమూ కాదు.

మా ఇంటికి వారసులు పదకొండుగురు. పది సంతకాలు వచ్చాయి. నిజామాబాద్‌లో ఉండే మా మేనత్త మాత్రం పెట్టనంది. ఆమెకు డబ్బు కావాలేమోనని మేమే ఏదేదో ఊహించుకున్నాం. చివరికి నేనూ మా చిన్నాన్నా వెళ్లాం. వంటింట్లో కూర్చోబెట్టి సర్వపిండి పెట్టింది. కాగితం తీయలేదు, మాటలే నడిచాయి. గంట తర్వాత ఆమే అంది: "ఇన్నేళ్లల్ల నన్ను ఒక్కరు అడగలేదు కదరా. బోనాల నాడు ఆ ఇంట్ల నాకొక అర్ర తెరిచి ఉండాలె. అంతే." ఆ మాటను ఒప్పందంలో ఒక షరతుగా రాశాం. సంతకం పెట్టింది. మీ ఇంట్లోనూ సంతకం పెట్టని మనిషి ఒకరుంటారు. వాళ్లకు నోటీసు పంపే ముందు వాళ్లింటికి వెళ్లి రండి.

కాగితాల విషయం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీసుకోవచ్చు. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. పాత దస్తావేజులు ఉర్దూలోనో ఫారసీలోనో ఉంటే పారేయొద్దు, లామినేషన్ అసలే చేయించొద్దు. వేడికి పాత సిరా, పాత కాగితం రెండూ పాడవుతాయి. ఫొటో తీసి, చదవగలిగిన పెద్దమనిషితో తెలుగులో రాయించుకోండి. నిజాం కాలపు రికార్డులు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఇంటి నంబరు చాలాసార్లు మారి ఉంటుంది కాబట్టి పాత నంబరు, పాత మొహల్లా పేరు తెలుసుకుని వెళ్లండి. ఆస్తి పన్ను బకాయి లేకుండా కట్టి, రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టండి. మున్సిపల్ ఆఫీసులో ఉన్న మీ ఇంటి ఫైలు నకలు కావాలంటే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు జీపీఏ (తమ తరఫున సంతకం చేసే అధికారం ఇచ్చే పత్రం) పంపితే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టేయాలి. మా తమ్ముడిది ఆ గడువు దాటింది. మళ్లీ మొదటికొచ్చాం.

ఒకరు తన వాటా అమ్మేస్తానంటే భయపడి గొడవకు దిగకండి. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, అది వర్తించే సందర్భాల్లో, మిగతా వారసులు ముందుగా కొనుక్కునే హక్కు అడగొచ్చు. బయటివాళ్లు ఆ వాటా కొని భాగం పంచమని కోర్టుకు వెళ్తే, ఉమ్మడి కుటుంబం నివసించే ఇంటి విషయంలో కోర్టు కట్టిన ధరకు ఆ వాటాను మనమే కొనుక్కునే వీలు 1893 నాటి పార్టిషన్ చట్టంలో ఉంది. ఇవి మీ ఇంటికి ఎంతవరకు వర్తిస్తాయో లాయర్‌ను అడగండి. ఆయన దగ్గరికి వెళ్లాల్సిన సమయం ఇది. వంశవృక్షం, ఈసీ, పన్ను రసీదులు చేతిలో ఉంటే ఆయన ఫీజూ తగ్గుతుంది, మీ తిరుగుడూ తగ్గుతుంది.

నోటీసు వస్తే

ప్రతి వానాకాలం ముందు నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ శిథిల భవనాలకు నోటీసులిస్తుంది. జీహెచ్‌ఎంసీ చట్టం 456వ సెక్షన్ కింద వచ్చే ఈ నోటీసును గోడకు అతికించి పోతారు. తాళం వేసిన ఇల్లయితే మీకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. అందుకే పక్కింటివాళ్ల దగ్గర మీ ఫోన్ నంబరు ఉండాలి.

నోటీసు చూడగానే గుండె గుభేలుమంటుంది. దాన్ని మూలన పడేయొద్దు. లైసెన్స్ ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను, వీలైతే పాత సున్నపు కట్టడాల మీద పనిచేసిన ఆయన్ను పిలిచి, ఏ భాగం బలహీనం, ఏ భాగం గట్టిది, ఏం చేస్తే నిలుస్తుంది అని రిపోర్టు రాయించుకోండి. బలహీన భాగానికి జాకీలు పెట్టించి, కిరాయిదార్లను ఖాళీ చేయించి, ఆ ఫొటోలు, రిపోర్టు, మరమ్మతుకు ఎంత సమయం కావాలో రాసిన ఉత్తరం కలిపి ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. ఇల్లు మొత్తం కూల్చాల్సిన పని లేదని చెప్పగలిగేది ఆ రిపోర్టే. మనం ఎంత ఏడ్చినా ఫైల్లోకి ఎక్కదు.

ఇంటిని కాగితం మీదికి ఎక్కించండి

ఇల్లు నిలిచినా నిలవకపోయినా ఈ పని చేయాల్సిందే. మాసబ్‌ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. పాత కట్టడాల కొలతలు తీసి బొమ్మలు గీయడం ఆర్కిటెక్చర్ పిల్లల చదువులో భాగం. విభాగానికి ఉత్తరం రాసి, మా ఇంటిని కొలవండి అని అడగండి. వచ్చిన పిల్లలకు టీ, టిఫిన్ మీ ఖర్చు. మా ఇంటి స్తంభాల వరసలో నడిమి సందు మిగతా వాటికంటే వెడల్పని వాళ్లు కొలిచేదాకా మాకెవరికీ తెలియదు. పల్లకీ పట్టడానికట, బస్తీలో ఒక ముసలాయన చెప్పాడు.

1908 మూసీ వరద తర్వాతి ఏళ్లలో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని గల్లీ గల్లీ కొలిచి మ్యాపులు గీశారు. బావులు, గుడులు, మసీదులు, ఇళ్ల గోడలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ మ్యాపులో మీ ఇల్లు కనిపిస్తే దాని వయసుకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేయండి. "ఇల్లు ఎప్పుడు కట్టారు" అని అడిగితే తెలియదంటారు. "కరెంటు ఎప్పుడొచ్చింది, నీ పెళ్లి ఏ అర్రలో అయింది, రజాకార్ల రోజుల్లో తలుపు ఎలా వేసుకునేవాళ్లు" అని అడగండి, అప్పుడు వస్తాయి మాటలు.

చట్టం అండ

పాత వ్యాసాలు చదివి చాలామంది హుడా (పాత నగరాభివృద్ధి సంస్థ) నిబంధనల్లోని 13వ నిబంధన పేరు రాస్తూ దరఖాస్తులు పెడుతుంటారు. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల జాబితాను చాలాకాలం కాపాడింది ఆ నిబంధనే, కానీ 2015లో ప్రభుత్వం దాన్ని తీసేసింది. ఇప్పుడున్నది 2017 నాటి తెలంగాణ హెరిటేజ్ చట్టం. మీ దరఖాస్తు రాష్ట్ర హెరిటేజ్ శాఖకు, నకలు జీహెచ్‌ఎంసీకి పోవాలి. కొలత బొమ్మలు, ఫొటోలు, ఇంటి కథ రెండు పేజీలు, ఇంజినీర్ రిపోర్టు జత చేయండి. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ హైదరాబాద్ విభాగం వాళ్లను కూడా కలవండి. ఏ మేస్త్రీ మంచివాడు, ఏ ఆర్కిటెక్ట్ ఓపికగా వింటాడు అన్నది వాళ్లకు తెలుస్తుంది.

జాబితాలో ఎక్కితే ఇల్లు సర్కారు పాలవుతుందని మా పెద్దనాన్న ఏడాది పాటు భయపడ్డాడు. యాజమాన్యం మారదు. కూల్చాలన్నా, రూపు మార్చాలన్నా అనుమతి కావాలి, తేడా అదే. దానికి బదులుగా టీడీఆర్ (ఇక్కడ కట్టుకోలేని మేరకు వేరేచోట కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు) వస్తుందా, ఎంత వస్తుంది అన్నది టౌన్ ప్లానింగ్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. అదే చేత్తో మీ గల్లీ రోడ్డు వెడల్పు ప్లాన్‌లో ఉందో లేదో కూడా కనుక్కోండి. గడప దాకా మార్కింగ్ ఉన్న ఇంటికి లక్షలు పోసి అరుగులు కట్టుకుని బాధపడ్డవాళ్లను చూశాను.

కోర్టు చివరి మెట్టు, కానీ ఆ మెట్టు ఉంది. ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని 2019లో ప్రభుత్వం నిర్ణయించినప్పుడు పౌరులు హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏడు సెప్టెంబర్‌లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ భవనం ఇంకా ఉంది.

బస్తీని ఇంట్లోకి పిలవండి

ఒక్క కుటుంబం మోయలేని బరువు ఇది. అయినా చందా అడగడంతో మొదలుపెట్టకండి. తలుపు తెరవడంతో మొదలుపెట్టండి. మేము తాళం తీసిన మొదటి పండుగ బోనాలు. భవంతి కడిగి, ముగ్గేసి, ఘటం వచ్చే దారిలో అరుగుల మీద మంచినీళ్లు, మజ్జిగ పెట్టాం. లోపలికి వచ్చి చూసినవాళ్లలో ముగ్గురు మేస్త్రీలు, ఒక వడ్రంగి, ఒక రిటైర్డ్ టీచరమ్మ, పాత కిరాయిదారు మనవడు ఉన్నారు. మా కమిటీ అయ్యింది వాళ్లే.

ఒక ఇల్లు ఊరికి పనికొస్తే ఊరు దాన్ని పోనివ్వదు. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే. సుల్తాన్‌బజార్‌లో అది నేటికీ ఉంది. నాంపల్లిలో సరోజినీ నాయుడు కుటుంబం ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ ఇంటిని ఆ కుటుంబమే హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. 1974లో ఆ విశ్వవిద్యాలయం మొదలైంది అక్కడే. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని తవ్వి తీసి, 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. మీ ఇంటికి ఏది కుదురుతుందో బస్తీనే అడగండి. మా ఇంట్లో ఇప్పుడు ముందర అర్రలో పిల్లల ట్యూషన్, ఓసారలో బతుకమ్మ, నెలకు రెండు మూడు సార్లు పెళ్లి ఫొటోల షూటింగ్. కరెంటు బిల్లు, ఊడ్చే అమ్మ జీతం షూటింగ్ కిరాయిలోనే వెళ్లిపోతాయి.

డబ్బు చేతులు మారే ముందే సంస్థ రూపం తేల్చుకోండి. ఇల్లు కుటుంబం పేరనే ఉంచి, బస్తీవాళ్లు నడిపితే చాలనుకుంటే సొసైటీ సరిపోతుంది, కనీసం 7 మంది సభ్యులు కావాలి. ఇంటినే ట్రస్టుకు రాసేస్తే ఆ దస్తావేజు రిజిస్టర్ కావాలి, ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టం. నా మాట వింటే ముందు సొసైటీ పెట్టి మూడేళ్లు నడిపి చూడండి. బ్యాంకు ఖాతాకు ఇంటివాళ్లు ఒకరు, బస్తీవాళ్లు ఇద్దరు సంతకం చేసేలా పెట్టుకోండి. ప్రతి నెలా జమాఖర్చు కాగితం సింహద్వారం పక్కన అతికించండి. వాట్సాప్ గ్రూపులో పెడితే సగం మంది చూడరు. గోడ మీద పెడితే పాలవాడు కూడా చదువుతాడు. చందాలు పెరిగింది ఆ కాగితం వల్లే.

సున్నం

మరమ్మతు మొదలుపెట్టే ముందు ఒక్క మాట. పాత గోడకు సిమెంట్ పూయించొద్దు.

నేను పూయించాను. వెనక గోడకు, ఒక్క రోజులో అయిపోతుందని. రెండు వానాకాలాలకే ఆ గోడ ఉబ్బింది. పాత గోడలు రెండడుగుల మందం, రాయి, మట్టి, సున్నం. నేలలోంచి చెమ్మ లాక్కుంటాయి, పై సున్నంలోంచి ఆ చెమ్మ ఆరిపోతుంది. పైన సిమెంట్ వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు పొంగి, లోపలి సున్నం పొడి అవుతుంది. తట్టి చూస్తే డొల్ల శబ్దం వచ్చింది. సుత్తితో చిన్న పెచ్చు తీశాడు మేస్త్రీ. లోపలి నుంచి బూడిదలా జారింది, నా అరచేతిలో పడింది. మా ముత్తాత కట్టించిన గోడ అది.

ఆ మేస్త్రీకి డెబ్బై ఏళ్లు దాటాయి. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇది. కాల్చిన సున్నపు రాళ్లను నీళ్లలో వేసి చల్లార్చాలి. అవి సలసల కాగుతాయి, చిందితే కళ్లు పోతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయొద్దు. ఆ సున్నం నీళ్ల కింద కనీసం మూడు నాలుగు వారాలు నానాలి, ఎంత నానితే అంత మంచిది. కరక్కాయలు దంచి బెల్లంతో కలిపి వేరే తొట్టిలో వారం పైన ఊరబెట్టాలి. పులిసిన వాసన వచ్చాక ఆ నీళ్లే కలపడానికి వాడతారు. సున్నం ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, చెమ్మ ఎక్కువ ఉన్నచోట ఇసుకలో కొంత తగ్గించి ఇటుక పొడి. పూర్వం ఎడ్ల గానుగలో రుబ్బేవాళ్లు, ఇప్పుడు మోటారు గానుగ దొరుకుతుంది. పాళ్లు మాత్రం మీ గోడ మీద ఒక చదరపు గజంలో పూయించి, నెల చూసి ఖాయం చేసుకోండి.

పూత పలచగా వేయాలి. ఒక పొర ఆరాక ఇంకో పొర. తడి గోనె పట్టాలు కప్పి రెండు మూడు వారాలు తడుపుతూ ఉండాలి. "సున్నానికి తొందర చేస్తే పగులుతది బిడ్డా" అనేవాడు మేస్త్రీ. ఎండాకాలం, వానాకాలం ఈ పనికి పనికిరావు. దసరా అయ్యాక మొదలుపెట్టి శివరాత్రికి ముగించండి. పైన రంగు కూడా సున్నమే. ప్లాస్టిక్ పెయింట్ వేస్తే సిమెంట్ చేసిన పనే అదీ చేస్తుంది. నేల మీది షాబాద్ బండలు ఊడితే సున్నంలోనే మళ్లీ కూర్చోబెట్టండి. వాటి మీద టైల్స్ వేస్తే నేల చెమ్మంతా గోడలెక్కుతుంది.

దూలం మొత్తం మార్చాలని వడ్రంగి అంటే ఇంకొకరిని అడగండి. చాలాసార్లు కుళ్లింది కొస ఒక్కటే. ఆ మేరకు కోసి, పాత ఇళ్ల టేకు తెచ్చి అతుకు వేసి, రెండు వైపులా ఇనుప పట్టీలు బిగిస్తే చాలు. ఊడిన దర్వాజలు, పాత గొళ్లేలు స్క్రాప్ వాడికి ఇవ్వొద్దు. ఏ అర్రదో చీటీ కట్టి దాచండి.

ఖర్చుకు భయపడి మొత్తం ఒకేసారి చేయాలని చూడకండి. ఏడాదికి ఒక గోడ, ఒక అర్ర. మాకు ఇంకా వంటిల్లు, బావి గట్టు మిగిలే ఉన్నాయి.

ప్రతి ఏడూ తేదీలు మాత్రం తప్పొద్దు. మే చివర మిద్దె ఊడ్చడం, మృగశిర కార్తె నాటికి తూములకు జాలీలు బిగించడం, ఆషాఢంలో తలుపులు తెరవడం, దసరాకు సుద్దగీతలన్నీ చూసి ఏ గోడ వంతో తేల్చడం. మా ఇంట్లో ఈ తేదీలు సింహద్వారం లోపలి వైపు సున్నం మీద రాసి ఉన్నాయి. ఈ ఏడు మిద్దె ఊడ్చే వంతు మా చెల్లెలి కొడుకుది. వాడికి పదమూడేళ్లు. నిచ్చెన కింద పట్టుకోవడానికి ట్యూషన్ పిల్లలు నలుగురు ఉంటారు.